వాహనంలో ఉపగ్రహ ఫోను

(తృతీయ బి.యస్సీ. భౌతికశాస్త్ర విద్యార్థి)

ఎద్దుబండి మీద ఉపగ్రహం ఉన్న ఫోటోను మనలో చాలామంది చూసే ఉంటాం. ఆ ఉపగ్రహం పేరు ఆపిల్. మన దేశం తయారుచేసుకున్న తొలి ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహం. 1981 జూన్ 19న ఏరియన్ రాకెట్టు దాన్ని ఆకాశానికి చేర్చింది. ఆ ఫోటో చూసి "పాపం, లారీ కూడా దొరకలేదు కాబోలు!" అని నవ్వేవాళ్ళున్నారు. అసలు సంగతి వేరు. ఆపిల్ ఏంటెన్నాను పరీక్షించేటప్పుడు దగ్గర్లో లోహం ఉండకూడదు. ఇనుప లారీ మీద పెడితే రేడియో తరంగాలు దానికి తగిలి చెదిరిపోయి కొలతలు తప్పుతాయి. చెక్కబండికి ఆ బాధ లేదు. కాబట్టి ఆ బండి పేదరికానికి గుర్తు కాదు, శాస్త్రజ్ఞానానికి గుర్తు.

మాది ఉద్దానంలో వ్యవసాయ కుటుంబం. మా తాతకూ అలాంటి బండి ఉండేది. బండికున్న ఆ సుగుణం జీపుకు లేదన్న సంగతి 2018 అక్టోబరులో మా ఇంటిల్లిపాదికీ తెలిసివచ్చింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అప్పటికి నేను ఏడో తరగతి. దసరా నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొబ్బరిచెట్లు విరిగి పడ్డాయి, జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభాలు పోయాయి. వాటితోపాటే సెల్‌ఫోన్లూ మూగబోయాయి. మా తాతకు మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించాలి. మర్నాడే ఆయన వెళ్ళవలసిన రోజు. రోడ్డు నిండా చెట్లు.

ఆ మర్నాడు మధ్యాహ్నం చెట్లు నరుక్కుంటూ ఒక సహాయక జీపు మా ఊరు చేరింది. అందులో శాటిలైట్ ఫోను ఉందని తెలిసి మా నాన్న పరుగెత్తాడు. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. కాని వాన కురుస్తోంది. ఫోను తడుస్తుందని జీపు తలుపులు వేసుకుని లోపల కూర్చునే నంబర్లు నొక్కారు. దాదాపు మూడు గంటలు నొక్కారు. "ఏటి బాబూ, అంత పెట్టె పెట్టుకున్నారు, ఒక్క మాటా పలకదేటి?" అని మా నాయనమ్మ అడిగింది. చివరికి డ్రైవరు విసిగిపోయి ఫోను పట్టుకుని మా కళ్ళంలోకి వచ్చి నిలబడ్డాడు. రెండు మూడు నిమిషాల్లో మాట కలిసింది! చీకటి పడ్డాక అంబులెన్సు వచ్చింది. తాత అప్పటికి బతికి బయటపడ్డాడు. కాని ఆ మూడు గంటలూ ఆయన మంచం పక్కన ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్న నాన్న ముఖం నేను మరచిపోలేను.

ఫోనులో లోపం లేదు. ఆకాశంలో ఉపగ్రహమూ ఉంది. మధ్యనున్నది జీపు కప్పు మాత్రమే. ఈ సంగతి నాకు భౌతికశాస్త్రం చదివాక అర్థమయింది.

సెల్‌ఫోనుకూ దీనికీ తేడా

మన సెల్‌ఫోను ఆకాశంతో మాట్లాడదు. కొద్ది కిలోమీటర్ల దూరంలోని టవరుతో మాట్లాడుతుంది. ఆ టవరుకు కరెంటు కావాలి, కేబుల్ కావాలి. తుపాను ఈ రెంటినీ తెంపుతుంది. ఉపగ్రహ ఫోను నేరుగా ఉపగ్రహంతోనే మాట్లాడుతుంది. ఆ ఉపగ్రహం సంకేతాన్ని ఎక్కడో దూరాన తుపాను తాకని భూకేంద్రానికి దించుతుంది. అక్కడినుంచి అది మామూలు టెలిఫోను దారి పడుతుంది.

ఈ ఉపగ్రహాల్లో రెండు రకాలున్నాయి. ఇరిడియం సంస్థవి భూమికి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున పరుగులు తీస్తుంటాయి. 66 ఉపగ్రహాల వరుస అది. ఒకటి దిగంతం దాటుతుంటే మరొకటి అందుకుంటుంది. ఇన్‌మర్‌శాట్ వారివి భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమితో సమంగా తిరుగుతాయి గనుక మనకు కదలనట్లే ఉంటాయి. ఇన్‌మర్‌శాట్ 1979లో ఓడల క్షేమం కోసం పుట్టిన సంస్థ. మన దేశంలో బీఎస్ఎన్ఎల్ 2017లో ఈ ఉపగ్రహాల ఆధారంగానే ఫోను సేవ ప్రారంభించి, ముందుగా విపత్తుల్లో పనిచేసే సంస్థలకూ పోలీసులకూ అలాంటి ఇతర ప్రభుత్వ విభాగాలకూ ఇచ్చింది.

అంత ఎత్తుకు వెళ్ళి రావాలి కాబట్టి మన మాట అవతలివారికి చేరడానికి పావు సెకను పడుతుంది. జవాబు రావడానికి మరో పావు సెకను. ఈ ఆలస్యం తెలియనివాళ్ళు "హలో, హలో" అంటూ ఒకరి మాట మీద ఒకరు పడిపోతారు. నాటకంలో పాత్రల మాదిరి ఒకరు ముగించాక మరొకరు అందుకోవాలి.

ఈ ఫోన్లు వాడే తరంగాల పొడవు దాదాపు ఇరవై సెంటీమీటర్లు, అంటే ఒక జానెడు. ఈ తరంగాలను వాన పెద్దగా అడ్డుకోదు. మబ్బూ అడ్డుకోదు. పలచని పాలిథిన్ సంచీ అడ్డుకోదు. అడ్డుకునేవి ఇనుప రేకు, కాంక్రీటు శ్లాబు, తడిసిన దట్టమైన ఆకులు. ఆనాడు మా ఊళ్ళో వానకు భయపడి ఇనుప కప్పు కిందికి చేరారు. జరగవలసింది సరిగ్గా దానికి తిరుగు. ఫోను పాలిథిన్ సంచిలో చుట్టుకుని వానలోనే నిలబడాలి.

మరి బయటికి దిగనవసరం లేకుండా బండిలో కూర్చునే మాట్లాడాలంటే? ఏంటెన్నాను కప్పు పైకి పంపాలి. అక్కడే అమరిక మొదలవుతుంది.

అమర్చే పద్ధతి

అన్నిటికన్నా ముందు అనుమతి. మన దేశంలో ఉపగ్రహ ఫోను అంగట్లో కొనుక్కుని బిగించుకునే వస్తువు కాదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం మొదలు 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం దాకా అనుమతి లేని రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. విదేశాల్లో ఉన్న మన బంధువులెవరైనా ముచ్చటపడి తెచ్చినా విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతారు. అనుమతి పత్రం నకలు ఎప్పుడూ బండిలోనే ఉండాలి.

రెండవది ఏంటెన్నా చోటు. కప్పు నడుమ, అన్నిటికన్నా ఎత్తున, నాలుగు వైపులా ఆకాశం కనబడేలా ఉండాలి. పక్కన ఇనుప క్యారియరు, స్టెప్నీ టైరు, మైకు గొట్టం, బియ్యం బస్తాలు ఉండకూడదు. భూమధ్యరేఖ మీది ఉపగ్రహం మనకు దక్షిణపు సగంలోనే ఉంటుంది కాబట్టి ఆ వైపు మూసుకుపోతే ఉత్తరాన ఎంత ఆకాశమున్నా లాభం లేదు. పోలీసు వైర్‌లెస్ వంటి మరో ఏంటెన్నా ఉంటే రెంటికీ వీలైనంత ఎడం ఉంచాలి. అయస్కాంతంతో అంటుకునే ఏంటెన్నాలను తేలిగ్గా పెట్టుకోవచ్చు. కాని గాలివానలోకి వెళ్ళే బండికి మరలతో బిగించినదే నమ్మకం. రంధ్రం చేస్తే రబ్బరు వాషరు వేసి, నీరు దిగకుండా సీలు చేయాలి.

మూడవది కేబుల్. ఇది కరెంటు తీగ లాంటిది కాదు. ఇంత పౌనఃపున్యం దగ్గర కేబుల్ తనే సంకేతాన్ని మింగేస్తుంది. సన్నరకం కేబుల్ అయిదారు మీటర్లు వేస్తే దాదాపు సగం శక్తి దారిలోనే పోతుంది. కాబట్టి పొట్టిది, మందమైనది, ఫోను తయారుచేసినవారు చెప్పినది వాడాలి. మిగిలిన కేబుల్‌ను చుట్టలు చుట్టి సీటు కింద తొక్కడం, తలుపు సందులో నలిగేలా పోనివ్వడం పనికిరాదు. లోపలికి దూరేముందు కేబుల్ కొంచెం కిందికి వేలాడి పైకి ఎక్కాలి. అప్పుడు వాననీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది గాని లోపలికి పాకదు.

నాలుగవది కరెంటు. జీపులకూ ట్రాక్టర్లకూ సాధారణంగా 12 వోల్టులు, లారీలకూ బస్సులకూ 24 వోల్టులు. పరికరం ఎంతకు తట్టుకుంటుందో చూడకుండా కలిపితే క్షణంలో కాలిపోతుంది. తీగను బాటరీ దగ్గరినుంచే నేరుగా తెచ్చుకోవాలి. ధన ధ్రువానికి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఫోను దగ్గర ఉంటే, మధ్యలో తీగ ఒరిసి ఇంజను రేకుకు తగిలినప్పుడు దాన్ని కాపాడేది ఏమీ ఉండదు. బండికి నిప్పంటుకుంటుంది. మరో మాట: బాటరీ దిగిపోయినప్పుడు ఇంకో బండి నుంచి తీగలు కలిపి స్టార్టు చేస్తుంటాం గదా, అప్పుడు ముందుగా ఫోను తీగ పీకేయాలి. ఆ సమయంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగసి పరికరాన్ని తినేస్తుంది.

అయిదవది ఫోను కూర్చునే స్టాండు. గుంతల రోడ్డులో ఊడి పడకుండా బోల్టులతో బిగించాలి. ఎయిర్‌బ్యాగు విచ్చుకునే చోట పెడితే ప్రమాదంలో అదే రాయిలా ముఖానికి తగులుతుంది. అద్దం వెనుక ఎండ తగిలే చోటా వద్దు. మే నెలలో మూసిన బండిలోని వేడి బాటరీకి విషం.

వాడే పద్ధతి

డ్రైవరు మాట్లాడకూడదు. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం, బండి నడుపుతూ చేతిలో ఫోను వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగు కింద లెక్కిస్తుంది. చట్టం మాట అటుంచండి, తుపాను మర్నాటి రోడ్డు మీద చెట్టూ తీగా గోయీ అన్నీ ఉంటాయి. బండి ఆపి, బయలు చూసుకుని, పైన కరెంటు తీగలు లేవని చూసుకుని మాట్లాడాలి. మా వైపు కొబ్బరితోటలో కన్నా కళ్ళమో చెరువుగట్టో మేలు.

సహాయక బండ్ల కప్పు మీద జనం ఎక్కి కూర్చోవడం మనకు మామూలే. ఫోను పలుకుతున్నప్పుడు ఏంటెన్నా నుంచి రేడియో శక్తి వెలువడుతుంది. అది శరీరానికి ఆనుకుని ఉండరాదు. తయారీదారు పుస్తకంలో చెప్పిన దూరాన్ని పాటించాలి. ముందుగా జనాన్ని దింపి తరువాతనే నంబరు నొక్కాలి. ఉరుములు మెరుపులు దగ్గరగా ఉంటే బయట నిలబడడం మాని, పిడుగు హోరు తగ్గేదాకా ఆగాలి. పెట్రోలు బంకులో వాడకూడదు.

ఫోను వేసిన వెంటనే పలకదు. ముందు అది తానెక్కడుందో జి.పి.ఎస్. ఉపగ్రహాల ద్వారా తెలుసుకోవాలి, ఆపైన తన ఉపగ్రహం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆ కాస్త ఓపిక లేక మాటిమాటికీ ఆపి వేసేవారికి ఎప్పటికీ కలవదు. మాట కలవనంత బలహీనంగా సంకేతం ఉన్నా ఒక్కోసారి చిన్న సందేశం వెళ్ళిపోతుంది. "ఫలానా ఊరు, డయాలిసిస్ రోగి, దారి మూత, పడమటి వైపు నుంచి రావాలి" అని నాలుగు ముక్కలు చాలు.

ఇక చిన్నదిగా కనిపించే పెద్ద విషయం. నంబర్లన్నీ మన సెల్‌ఫోన్లలో ఉంటాయి. అవి చార్జింగు లేక చచ్చిపోతే ఒక్క నంబరూ గుర్తుండదు! అందుచేత ఆసుపత్రి, కలెక్టరు కార్యాలయం, అంబులెన్సు, కరెంటు ఆఫీసు నంబర్లను దేశం కోడుతో ఎలా నొక్కాలో సహా అట్ట మీద రాసి బండిలో వేలాడదీయాలి. నెలకొకసారి బయలుకు తీసుకువెళ్ళి ఒక్క కాలు చేసి చూడాలి. చందా గడువు తీరిందా, బాటరీ నిలుస్తోందా, కేబుల్‌ను ఎలుక కొరికిందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఒక్కరికి కాదు, కనీసం ఇద్దరికి వాడడం వచ్చి ఉండాలి.

ఒక మనవి

మిత్రులారా! ప్రయోగశాలలో మనం ఫారడే పంజరం గురించి చదువుతాం, అయిదు మార్కులకు రాస్తాం, మరచిపోతాం. మా ఊళ్ళో ఆ అయిదు మార్కుల పాఠం ఖరీదు మూడు గంటలు. మా తాత తరువాత రెండేళ్ళే ఉన్నాడు. ఆ రెండేళ్ళూ మాకు దక్కకుండా పోయేవే. ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరానికి తుపాన్లు వస్తూనే ఉంటాయి. మన కాలేజి యూనియనుకూ యన్.యస్.యస్. దళానికీ నేను చేసే సూచన ఒక్కటే. సెప్టెంబరులో ఒక ఆదివారం, అధికారుల అనుమతితో, మన ప్రాంతపు సహాయక బండ్ల దగ్గరికి వెళ్దాం. ఫోను ముట్టనవసరం లేదు. ఏంటెన్నాకు ఆకాశం కనబడుతోందా, ఫ్యూజు బాటరీ దగ్గర ఉందా, నంబర్ల అట్ట వేలాడుతోందా అని ఈ మూడూ చూసి వస్తే చాలు.

మా తాత బండి ఇప్పటికీ మా కళ్ళం పక్కన చింతచెట్టు కిందే ఉంది. ఎద్దులు లేవు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు దాని మీద కూర్చుని సెల్‌ఫోనులో మాట్లాడుతుంటాను. పక్క నుంచి నాయనమ్మ అంటుంది: "అక్కడయితే బాగా పలుకుద్ది, లోపలికి రాకు!"