మీకు ‘ఫాల్‌బ్యాక్’ ఉందా?

గోల్నాకలో గది, ఉస్మానియా క్యాంపస్ లైబ్రరీలో చదువు, సాయంత్రం తార్నాకలో టీ. గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్న చాలామంది దినచర్య ఇదే. ‘ఇది రాకపోతే ఏం చేస్తావ్?’ అని ఇంట్లో అడిగితే కోపమొస్తుంది. అదే ప్రశ్న ఇంటర్వ్యూలో ‘వాట్ ఈజ్ యువర్ ఫాల్‌బ్యాక్?’ అని ఎదురైతే తడబడతాం.

యుద్ధంలో సైన్యం వెనక్కి తగ్గడాన్ని ‘ఫాల్ బ్యాక్’ అంటారు. అంటే పారిపోవడం కాదు, నిలదొక్కుకోగల చోటుకు చేరడం. అనుకున్నది జరగనప్పుడు ఆదుకునే ఏర్పాటు అనే అర్థంలోనూ ఈ మాట వాడతారు.

ఎలా వాడాలి?

* క్రియగా రెండు మాటలు: ‘షీ హాజ్ ఎ బీఈడీ టు ఫాల్ బ్యాక్ ఆన్’. చివర ‘ఆన్’ మరవొద్దు.
* నామవాచకంగా, విశేషణంగా ఒకటే మాట: ‘టీచింగ్ ఈజ్ మై ఫాల్‌బ్యాక్’, ‘ఎ ఫాల్‌బ్యాక్ ప్లాన్’.
* ‘ఫాల్ బిహైండ్’ వేరు. దానికి వెనకబడటం అని అర్థం.
* ‘ఆల్టర్నేటివ్’ అంటే బదులుగా ఎంచుకోగలిగేది. అది మొదటిదానితో సమానమైనదీ కావచ్చు. ఫాల్‌బ్యాక్ అవసరం మాత్రం మొదటిది కుదరనప్పుడే.

తప్పు మనది కాకున్నా...

2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తెలంగాణ తొలి గ్రూప్-1 ప్రకటన వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగాయి. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో వాటిని రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షనూ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన ఇచ్చారు. బాగా చదివినవాళ్లకూ దాదాపు రెండేళ్లు చేజారాయి. ఫాల్‌బ్యాక్ చేతగానివాళ్లకే అనుకోకూడదని చెప్పేది ఇలాంటి అనుభవాలే.

దాన్ని ఎంచుకునేటప్పుడు గడువు కూడా చూసుకోండి. గేట్ స్కోరు మూడేళ్లే చెల్లుతుంది. టెట్ అర్హత మాత్రం 2021 నాటి కేంద్రం నిర్ణయంతో జీవితకాలం ఉంటుంది. బీఈడీ చేసినవాళ్లు గ్రూప్స్ చదువుతూనే టెట్ పూర్తి చేసుకుంటే ఆ అర్హత ఎటూ పోదు.

ఇంటర్వ్యూలో జాగ్రత్త

‘దిస్ జాబ్ ఈజ్ మై ఫాల్‌బ్యాక్’ అని మాత్రం ఏ కంపెనీలోనూ అనకండి. ‘వేరేది దొరక్క మీ దగ్గరికొచ్చా’ అన్నట్టు వినపడుతుంది. ఆ పనిలో మీకు నచ్చిందేమిటో చెప్పండి. రాకపోతే ఏం చేస్తారని అడిగితే ‘ఐ కెన్ ఫాల్ బ్యాక్ ఆన్ మై టీచింగ్ క్వాలిఫికేషన్’ లాంటి సూటి జవాబు చాలు.

ఈ రోజే ఓ కాగితం మీద ‘ఐ కెన్ ఫాల్ బ్యాక్ ఆన్...’ అని రాసి, వాక్యం పూర్తి చేయండి. ఖాళీ నిండలేదంటే, వచ్చే నోటిఫికేషన్‌లోపు నింపాల్సింది అదే.