మార్పుచేప పిల్ల తొలివారము

వానలు కురిసి చెరువులు నిండి, వరిచేలలో నీరు నిలిచినపుడు మార్పుచేపలు గ్రుడ్లు పెట్టుటకై లోతులేని నీటిలోనికి చేరును. పొలుసులు లేని నున్నని దేహము, నోటి చుట్టును నాలుగు జతల మీసములు, వెన్నున పొడవైన రెక్క — ఈ గుర్తులను బట్టి పల్లెలలోని పిల్లలు సైతము దీనిని పోల్చుకొందురు. నీరు మురిగినను, ఎండలకు ఇంకుచున్నను ఇది పైకి వచ్చి గాలిని పీల్చి బ్రతుకగలదు. చిన్న గుంటలో ఆడుచేప పెట్టిన జిగురు గ్రుడ్లను మగచేప కావలి కాయుచుండును.

ఇట్టి మొండి ప్రాణికి జీవితమున తొలివారము మాత్రము మిక్కిలి గండము.

నీరు వెచ్చగా నున్నచో సుమారు ఒక దినమునకు గ్రుడ్డు పగిలి పిల్ల వెలువడును. దాని పొడవు ఇంచుమించు అర సెంటీమీటరు. దానిని చూచి చేప యనుటకు మన సొప్పదు. నోరింకను తెఱచుకొనలేదు. ప్రేవు సన్నని తిన్నని గొట్టము మాత్రమే. పొట్ట క్రింద ఒక గుండ్రని సంచి వ్రేలాడుచుండును. అందున్నది సొన, దూరప్రయాణమునకు తల్లి కట్టి యిచ్చిన చద్దిమూట వంటిది. అయితే ఈ చద్దిని పిల్ల నోటితో తినదు. సొనను చుట్టియున్న పలుచని పొర అందలి మాంసకృత్తులను, కొవ్వులను కరగించి నేరుగా రక్తమున కందించును. పిల్లలు వెలుగునకు వెఱచి, నీటి అడుగున ఒకదాని నొకటి ఒరసికొని గుంపుగా పడియుండును. పైకి అవి ఊరకున్నట్లే తోచును గాని, లోపల పని చుఱుకుగా సాగుచుండును. కాలేయము, క్లోమము ఏర్పడును. పిత్తకోశము కనబడును. ప్రేవు లోపలి గోడ ముడుతలు పడి పీల్చుకొను తావును పెంచుకొనును. నోరు తెఱచుకొనును. మూడు నాలుగు దినములలో సొన దాదాపు తరిగిపోవును. చద్ది పూర్తిగా అయిపోకమునుపే పిల్ల నీటిలో కదలాడు సూక్ష్మజంతువులను నోట కఱచుకొనుట మొదలిడును.

ఇచ్చట నొక చిత్రము కలదు. నోరున్నది, ప్రేవున్నది, జఠరము మాత్రము పని చేయుటకు సిద్ధము కాలేదు.

పెద్ద మార్పుచేప జఠరమున పుల్లని ఆమ్లము, పెప్సిన్ అను రసము ఊరును. నత్తలను, పురుగులను, చిన్న చేపలను ముక్కలుగా మ్రింగు జీవికి ఆ రెండును కావలెను. గట్టి మాంసకృత్తులను మొదట విడదీయునవి అవియే. పిల్లకు ఆ గ్రంథు లింకను పుట్టలేదు. దాని ప్రేవులో క్షారగుణమే కలదు. అచ్చట క్లోమమునుండి వచ్చు ట్రిప్సిన్ కొంత పని చేయును. అరకొఱగా జీర్ణమైన మాంసకృత్తులను వెనుక ప్రేవులోని కణములు చిన్న చిన్న బొట్లుగా తమలోనికి మ్రింగి, తమలోపలనే జీర్ణము చేసికొనును. వంటయింట పొయ్యి వెలుగకున్నను ఇంటివారు ఏదో యొక విధముగా కడుపు నింపుకొనినట్లే యిది. బొచ్చె, రాగండి మొదలగు చేపలకు జన్మమంతయు జఠరమే లేదు. వాని ప్రేవు మిక్కిలి పొడవై ఆ లోటు తీర్చును. మార్పుచేప అట్లు గాదు. జఠరము లేకుండుట దానికి కొలది దినముల అవస్థయే.

ఈ సంగతి తెలియక పిల్లలకు మొదటి దినమునుండియే తవుడు, చేపపొడి కలిపిన ఎండు మేతను చల్లినచో నష్టము తప్పదు. పిల్ల మ్రింగినను ఆ మేత దానికి సరిగా వంటబట్టదు. మిగిలినది అడుగున కుళ్లి నీటిని చెఱచును. కడుపు నిండియు ఆకలితో చచ్చుట యన నిదియే. ఆకలిగొన్న పిల్లలలో కొంచెము బలిసినవి చిన్నవానిని కఱచి తినుటయు కలదు. సకాలమున మేత దొరకని పిల్ల కొంతకాలమునకు ఎంత నీరసించు ననగా, పిమ్మట ఎదుట మేత పెట్టినను తినజాలదు. సముద్రపు చేపల విషయమున ఇట్టి ప్రమాదకాలము నొకదానిని నార్వే శాస్త్రజ్ఞుడు జోహన్ హ్యోర్ట్ 1914లోనే ఊహించెను.

అందుచేత చేపపిల్లలను పెంచు కేంద్రములలో తొలిదినములందు ప్రాణమున్న మేతనే ఇత్తురు. ఉప్పునీటిలో పెరుగు ఆర్టీమియా అను చిన్న జీవి గ్రుడ్లను ఎండబెట్టి డబ్బాలలో నిలువచేయవచ్చును. ఉప్పునీట వేసిన సుమారు ఒక దినమునకు అవి పొదుగును. అర మిల్లీమీటరు పొడవు గల ఆ పిల్లలు మెత్తనివి, సులభముగా జీర్ణమగునవి. అవి కదలుచుండుటచే మార్పుపిల్లలు వానిని తేలికగా గుర్తించును. చెరువులలోని సూక్ష్మజంతువులను వలగుడ్డతో వడకట్టి తెచ్చి వేయుటయు కలదు.

మార్పుచేపకు చుట్టమైన ఆఫ్రికా జాతి చేపపై జరిగిన పరిశోధన యొకటి 1992లో ప్రకటింపబడెను. పిల్ల తినుట ఆరంభించిన నాలుగైదు దినములకు, సుమారు 11 మిల్లీమీటర్ల పొడవు పెరుగునప్పటికి, జఠరము పని చేయ నారంభించునని అందు తేలినది. అప్పటినుండి ఎండుమేతను కొద్దికొద్దిగా కలుపుచు, ప్రాణమున్న మేతను తగ్గింపవచ్చును. ఒక్కసారిగా మార్చుట మంచిది కాదు. గ్రంథులు పుట్టినంతనే అన్నియు పూర్ణబలముతో పని చేయవు.

పది పండ్రెండు దినముల పిల్ల అడుగునుండి వడిగా పైకి వచ్చి, మూతి వెలికి చాచి, ఒక గ్రుక్క గాలిని పీల్చుకొని మరల మునుగును.