సీసాపై ఉన్న లైసెన్సు సంఖ్య దేనికి సాక్ష్యం?

“అరకు నుంచి తెచ్చిన త్రిఫల చూర్ణం వాడవచ్చునా? పొట్లంపై ‘స్వచ్ఛమైన అడవి మూలికలు’ అని ఉన్నది గాని, తయారు చేసినవారి చిరునామా లేదు.” ఈ తీరు ప్రశ్న పాఠకుల నుండి నాకు తరచుగా ఎదురవుతూ ఉంటుంది. బొర్రా గుహలు చూచి, అరకు లోయలో కాఫీ తాగి, తిరుగు ప్రయాణంలో ఒక తేనె సీసా, కొన్ని కుంకుడుకాయలు, ఏదో ఒక చూర్ణం కొని తేవడం మన ఇళ్ళలో పరిపాటి. అడవిలో పుట్టినదంటే మనకు గురి కుదురుతుంది. అయితే అడవిలో దొరికే మూలిక వేరు, నోటిలో వేసుకునే మందు వేరు. మొదటిది రెండవదిగా మారే దారిలో ప్రభుత్వం కొన్ని మెట్లు కట్టింది. ఆ మెట్లేమిటో, వాటిని ఎక్కినట్లు రుజువు ఎక్కడ ఉంటుందో ప్రతి గృహస్థూ తెలుసుకోవడం అవసరం.

అమృతమూ అక్కడే, విషమూ అక్కడే

తూర్పు కనుమలలో కరక్కాయ, తానికాయ, ఉసిరిక, సుగంధిపాల లభిస్తాయి. పాడేరు, చింతపల్లి ప్రాంతాల గిరిజన రైతులు పిప్పలిని ముఖ్యంగా దాని వేళ్ళ కోసం, అంటే మోడి కోసం, సాగు చేస్తారు. మన కనుమల అడవులలోనే నల్లజీడి, ముష్టి, గురివింద కూడా పెరుగుతాయి. నల్లజీడి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. ముష్టిగింజలో స్ట్రిక్నిన్ అనే తీవ్రమైన విషం ఉన్నది. శాస్త్రోక్తంగా శుద్ధి చేసినప్పుడే వైద్యులు వీటిని స్వల్ప మాత్రలో వాడతారు. 1945 నాటి ఔషధ నిబంధనలలోని ‘ఇ(1)’ షెడ్యూలు భల్లాతకం, విషముష్టి, గుంజ అనే పేర్లతో ఈ మూడింటినీ విషద్రవ్యాల పట్టికలో చేర్చింది. ఇట్టి ద్రవ్యాలు కలిసిన కడుపులోకి తీసుకునే మందుపై ‘వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను’ అనే హెచ్చరిక ఉండి తీరాలి. ‘మూలికే కదా, ఏమవుతుంది?’ అనే మాట ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఒకే కాయకు వేరువేరు దారులు

సంతలో కరక్కాయలను కాయలుగానే అమ్మే గిరిజన స్త్రీకి మందుల తయారీ లైసెన్సుతో పని లేదు. ఆమె అమ్మేది ముడి సరుకు. తేనె, పసుపు, మిరియాలు, కాఫీ వంటివి సీసాలోనో పొట్లంలోనో చేరి ఆహార పదార్థాలుగా అంగడికెక్కితే, 2006 నాటి ఆహార భద్రతా చట్టం వర్తిస్తుంది. అప్పుడు పొట్లంపై పద్నాలుగు అంకెల సంఖ్య కనిపించాలి. అది ‘1’తో మొదలైతే లైసెన్సు, ‘2’తో మొదలైతే చిన్న వ్యాపారులకు ఇచ్చే రిజిస్ట్రేషను. ఆ సంఖ్య ఉన్నంత మాత్రాన ఆ ఆహారం రోగాన్ని నయం చేస్తుందని చెప్పుకునే హక్కు అమ్మకందారుకు లభించదు.

అదే కరక్కాయను తానికాయ, ఉసిరికలతో కలిపి చూర్ణం చేసి, ‘మందు’ అని అమ్మదలచుకుంటే రాష్ట్ర ఆయుష్ శాఖలోని లైసెన్సు అధికారి అనుమతి తప్పనిసరి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. ఆయుర్వేద మందులను కేవలం అమ్మే దుకాణానికి మందుల లైసెన్సు అక్కరలేదు. కావున దుకాణం గోడపై వేలాడే పత్రం మందును గురించి మనకేమీ చెప్పదు. రుజువంతా తయారీదారుని వద్దనే, అంటే సీసాపైనే వెదకాలి.

పత్రం చేతికందే విధానం

తయారీదారు 24-డి నమూనాలో దరఖాస్తు చేసుకోవాలి. కట్టడం పటం, యంత్రసామగ్రి జాబితా, ప్రతి మందు పాఠమూ దానితో జతపరచాలి. ఆయుర్వేద విద్యార్హత గల పూర్తికాలపు సాంకేతిక ఉద్యోగి ఉండాలి. మందు పాఠం చట్టం గుర్తించిన ప్రామాణిక గ్రంథాలలో ఉంటే దాని దారి వేరు; స్వంత మిశ్రమమైతే అదనపు ఆధారాలు చూపవలసి ఉంటుంది. చరక, సుశ్రుత సంహితలతో బాటు, మన తెలుగునాట వెలసిన బసవరాజీయం కూడా ఆ గ్రంథాల పట్టికలో ఉండడం మనకు గర్వకారణం.

పిమ్మట తనిఖీ జరుగుతుంది. 2000 సంవత్సరంలో అమలులోకి వచ్చిన ‘టి’ షెడ్యూలు ఉత్తమ తయారీ విధానాలను నిర్దేశిస్తున్నది. తయారీకి కనీసం 1200 చదరపు అడుగుల స్థలం, ముడి సరుకుకూ సిద్ధమైన మందుకూ వేరువేరు నిల్వ గదులు, నాణ్యతా పరీక్షకు ఏర్పాటు, ప్రతి విడత సరుకుకూ లిఖితపూర్వకమైన లెక్క అవసరం. ఇవన్నీ సక్రమంగా ఉన్నట్లు తేలితే 25-డి నమూనాలో లైసెన్సు లభిస్తుంది. తన రోగులకు తానే మందు నూరి ఇచ్చుకుంటూ, దానిని అంగట్లో అమ్మని నమోదిత వైద్యునికి ఈ తయారీ విధానాల నిబంధన వర్తించదు.

కొండపై నిలిచిన చిక్కు

అరకు ప్రాంతంలో కరక్కాయలు, ఉసిరి పెచ్చులు ఎండబెట్టే మహిళా సంఘం సభ్యులతో నేను మాట్లాడినప్పుడు ఒకామె అన్న మాట ఇది: “కాయ మాది, ఎండ మాది, చాకిరీ మాది. కాగితం ఒక్కటే కింద ఊళ్ళది.” ఆ మాటలో న్యాయమున్నది. విశాలమైన కట్టడం, జీతమిచ్చి పెట్టుకోవలసిన సాంకేతిక ఉద్యోగి, పరీక్షల ఖర్చు చిన్న సంఘానికి మోయరాని భారమే. అందుచేత కాయ ముడిసరుకుగానే కొండ దిగుతుంది. మందుగా మారినప్పుడు పెరిగే విలువ మైదానంలోనే నిలిచిపోతుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని కొని, తేనె వంటివాటిని శుద్ధి చేసి తన పేరుతో అమ్ముతూ ఈ వెలితిని కొంత పూడ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్య హక్కును అడవిబిడ్డలకే ఇచ్చింది. అయినా సరుకుపై హక్కు వేరు, దానిని మందుగా అమ్మే యోగ్యతాపత్రం వేరు.

అలాగని నిబంధనలు సడలించాలనడం నా అభిమతం కాదు. కొండల చెమ్మలో సరిగా ఎండని మోడికి, కాయకు బూజు పడుతుంది. కొన్ని రకాల బూజు నుండి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కంటికి కనిపించదు, రుచికి తెలియదు. పట్నంలో ఎంత శుభ్రమైన గదిలో దంచినా ఆ విషం పోదు. అనగా లైసెన్సు విలువ నిర్ణయమయ్యేది కొండమీద, కాయలు ఆరబోసిన పరదాపైననే. తయారీదారు ముడి సరుకు రాకను, పరీక్షను లెక్కలో రాసి ఉంచాలని ‘టి’ షెడ్యూలు కోరుతున్నది. ఏ గ్రామంలో, ఏ తేదీన సేకరించారో, ఎన్నాళ్ళు ఎండబెట్టారో తెలిపే చిన్న చీటీ ప్రతి బస్తాలో ఉంటే ఆ లెక్కకు ప్రాణం వస్తుంది. ఆ చీటీ రాయడానికి సంఘానికి పెద్ద కట్టడం అక్కరలేదు. అట్టి బస్తాకు తగిన ధర చెల్లించడం తయారీదారుల ధర్మం.

పత్రం చెప్పనిది

లైసెన్సు ఉన్నదంటే నిర్ణీత స్థలంలో, నిర్ణీత పద్ధతిలో మందు తయారు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిందని అర్థం. మీ రోగం కుదురుతుందని ఆ సంఖ్య హామీ ఇవ్వదు. 2004లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వెలువడిన ఒక పరిశీలనలో, బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులలో 14 సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కలిగి ఉన్నట్లు తేలింది. మూలికలలో సీసం పది లక్షల భాగాలకు 10 భాగాలు, పాదరసం 1 భాగం మించరాదన్నది మన హద్దు. అందువలన పరీక్ష ఒక్కసారి చేసి ఊరుకునేది కాదు, ప్రతి విడతకూ కావలసినదే. ఇక మధుమేహం పూర్తిగా నయమవుతుందని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది.

గృహిణులు గమనించవలసినవి

• ‘ఆయుర్వేద మందు’ అనే మాట, తయారీదారుని పేరు, పూర్తి చిరునామా, లైసెన్సు సంఖ్య, విడత సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నవో లేవో చూడండి.

• ద్రవ్యాల పేర్లు, పరిమాణాలు లేని చూర్ణాన్ని ఎవరు ఇచ్చినా కడుపులోకి తీసుకోవద్దు.

• మందని చెబుతూ ఆహారపు సంఖ్య మాత్రమే చూపితే అనుమానించండి.

• తేనె ఎంత స్వచ్ఛమైనదైనా, ఎన్ని ముద్రలున్నా, ఏడాది నిండని పసిబిడ్డకు నాకించరాదు.

• సంతలో కరక్కాయలు కాయలుగానే కొనండి. పుచ్చులు లేక, బరువుగా ఉండి, నీటిలో వేస్తే మునిగేది మేలైనదని మన వైద్యగ్రంథాలు చెబుతున్నవి. ఇంటికి తెచ్చి మళ్ళీ ఎండబెట్టి, గింజ తీసి, కావలసినంతే దంచుకోండి.

కాయగా కొన్నప్పుడు మన కన్నే పరీక్షాధికారి. పొడిగా కొన్నప్పుడు కన్ను పనిచేయదు గాన, సీసాపై ఉన్న అక్షరాలను చదవక తప్పదు. దుకాణదారుని ‘ఇది ఏ ఊరి కాయ?’ అని కూడా అడగండి. కొనేవారందరూ అడగడం మొదలుపెడితే, ఆ ప్రశ్న ఏదో ఒకనాటికి కొండమీది చీటీ దాకా చేరుతుంది.