గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

మా ఇంటి ఏసీకి వరసగా మూడు వేసవులు గ్యాస్ పట్టించాం. శివరాత్రి దాటాక సర్వీసింగ్‌కి వచ్చిన మెకానిక్ ప్రతిసారీ అదే మాట: "గ్యాస్ తగ్గిపోయిందండీ, ఏడాది వాడారు కదా!" స్కూటర్లో పెట్రోలు అయిపోయినట్టే ఇదీ అయిపోతుందనుకుని డబ్బులిచ్చేశాం. నాలుగో ఏడు వచ్చిన పెద్దాయన సిలిండర్ దించకముందే సబ్బు నురగ కలిపి, ఔట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి గొట్టాలు బిగించిన చోట పూశారు. ఒక నట్టు దగ్గర బుడగ ఉబ్బింది. "ఇదమ్మా, మీ గ్యాస్ పోయే దారి" అన్నారు.

ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు. గదిలో వేడిని మోసుకెళ్ళి బయట పారేస్తుంది. అందుకే ఇది హీట్ పంప్ జాతి యంత్రం. మట్టికుండ చేసే పనీ ఇలాంటిదే. గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ళ వేడిని లాక్కుపోతుంది. ఏసీలో ఆ పని ఆర్-32 వంటి గ్యాస్‌ది. ఇండోర్ కాయిల్లో ఆవిరవుతూ గది వేడిని పట్టుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి ఔట్‌డోర్‌కు తోస్తే, అక్కడ వేడిని వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా నడిస్తే గంటకు సుమారు 5 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడిని బయటికి మోస్తుంది. అందుకు తాగే కరెంటు సుమారు ఒకటిన్నర యూనిట్లే.

కుండలో నీరు గాలిలో కలిసిపోతుంది కనుక రోజూ పోసుకోవాలి. ఏసీ గ్యాస్ మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. బిగింపులు బాగుంటే ఏళ్ళ తరబడి తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. ఆ చోటేదో చూపించమని అడగడానికి మొహమాటపడకండి. అది మూశాక, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలీ తేమా లాగేసి, ఔట్‌డోర్ స్టిక్కరు మీద రాసిన గ్రాముల ప్రకారం కాటా మీద తూచి పట్టాలి. అందాజుగా పట్టి ఎక్కువైనా చేటే. ఆర్-32కి నిప్పంటుకునే గుణం కొంత ఉంది, పని జరిగేచోట అగరొత్తి కూడా వద్దు. పైగా గాలిలో కలిసిన ఒక్క కిలో, నూరేళ్ళ లెక్కన, 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంతగా భూమిని వేడెక్కిస్తుంది. ఏటా కారుతున్నదాన్ని ఏటా నింపుకుంటూ పోవడం నాకు తప్పుగా తోస్తుంది.

గొట్టం మీద మంచు కట్టింది కాబట్టి గ్యాస్ తగ్గిందనేవాళ్ళుంటారు. అది సగం నిజం. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి కాయిల్ మీదికి గాలి ఆడకపోయినా మంచు కడుతుంది. ముందు ఫిల్టర్ కడిగి చూడండి, దానికి ఖర్చేమీ లేదు. మెయిన్ ఆపి, మూత ఎత్తి, జల్లెడలాంటి ఫిల్టర్లు లాగి, కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. వాడకం రోజుల్లో రెండు వారాలకోసారి, దుమ్ము రోడ్డు పక్క ఇల్లయితే ఇంకా తొందరగా. కాయిల్ శుభ్రం చెయ్యడం మెకానిక్ పని. అయితే జెట్ పంపు దగ్గరగా పెట్టి కొడితే అల్యూమినియం రేకులు వంగిపోతాయి, యాసిడ్ పోస్తే తినేస్తుంది. పక్కన నిలబడి చూడండి.

గదిలో నీళ్ళు కారితే మొదట అనుమానించవలసింది డ్రెయిన్ పైపును. కాకినాడ, విశాఖ వంటి తేమ ఊళ్ళలో నీరు ఎక్కువ దిగుతుంది, పైపులో నాచులాంటి జిగురు పేరుకుంటుంది. పైపు కొస బకెట్ నీళ్ళలో మునగకుండా చూడండి.

ఔట్‌డోర్‌కి కావలసింది గాలి. అందం కోసం జాలీ వెనక ఇరికిస్తే తాను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పావురాలు దాని వెనక గూడు కడతాయి, బల్లులు సర్క్యూట్ బోర్డు మీదికి పాకి తాము చచ్చి బోర్డునూ చంపుతాయి. సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలి రేకుల్ని కొరుకుతుంది, అప్పుడప్పుడూ మెయిన్ ఆపి మంచినీళ్ళు మెల్లగా పోసి కడగాలి. మూత మాత్రం విప్పకండి. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్ షాక్ కొట్టగలదు.

అమెరికా, కెనడాల్లో మన పిల్లల ఇళ్ళలో ఉండే హీట్ పంపులు చలికాలంలో దారి తిప్పుకుని బయటి వేడిని లోపలికి మోస్తాయి. అప్పుడు బయటి కాయిల్ మీద మంచు కడుతుంది. దాన్ని కరిగించుకోవడానికి యంత్రం కాసేపు మళ్ళీ దారి మారుస్తుంది. అప్పుడు లేచేది ఆవిరే, పొగ కాదు. చుట్టూ పేరుకున్న మంచు తీసెయ్యండి గానీ, రేకుల మధ్య గడ్డని దేనితోనూ పొడవకండి. రెండు కాలాలూ నడుస్తుంది కాబట్టి అక్కడ ఫిల్టర్‌కీ సెలవు లేదు.

ఆ పెద్దాయన గొట్టం కొస కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి (అంచును గరాటులా విప్పి), నట్టు బిగించి, గ్యాస్ తూచి పట్టి, ఔట్‌డోర్ పక్కన మార్కర్‌తో తేదీ, గ్రాములూ రాసి వెళ్ళారు. రెండు వేసవులు గడిచాయి. ఆ రాత కింద రెండో వరస ఇంకా పడలేదు.