వరాల్లో లొసుగులు: మాయాశక్తుల కథలను తర్కంతో చదివితే

కాల్పనిక కథల్లో మాయాశక్తికి హద్దు లేకపోతే ప్రతి చిక్కూ ఒక మంత్రంతో విడిపోతుంది, పాఠకుడికి ఉత్కంఠ మిగలదు. అందుకే రచయితలు ప్రతి శక్తికీ ఒక షరతు పెడతారు. ఆ షరతును మాటల్లోనే చెప్పాలి కనుక, దానికి ఒక పరిధి ఏర్పడుతుంది. ఆ పరిధికీ, షరతు పెట్టినవారి ఉద్దేశానికీ మధ్య పూడకుండా మిగిలిపోయిన ఖాళీయే లొసుగు. చట్టంలో న్యాయవాదులు వెతికేదీ, నిర్వచనాల్లో తర్కశాస్త్రజ్ఞులు వెతికేదీ ఇదే కాబట్టి, మాయాకథల్లోని లొసుగులను గణిత పరిభాషలో పరిశీలించడం అనిపించినంత వింత పనేమీ కాదు.

తెలుగువారికి భాగవతం ద్వారా చిరపరిచితమైన హిరణ్యకశిపుడి వరం ఇందుకు చక్కటి నమూనా. పగలు గాని రాత్రి గాని, ఇంటి లోపల గాని వెలుపల గాని, నేల మీద గాని ఆకాశంలో గాని, మనిషి చేత గాని మృగం చేత గాని చావు ఉండరాదని అతడు కోరాడు. చావే వద్దని నేరుగా అడిగితే దొరకదు కనుక, చావుకు దారితీసే మార్గాలను జంటలు జంటలుగా మూసివేయడం అతడి పథకం. తర్కంలో ప్రతి వాక్యమూ నిజమో అబద్ధమో అయి తీరాలి, మూడో స్థితి లేదు అనే సూత్రం ఒకటి ఉంది. ఆ సూత్రం ప్రకారం ‘పగలు’, ‘పగలు కానిది’ అని విడదీస్తే కాలమంతా ఆ రెండింటిలోనే ఇమిడిపోతుంది. అయితే హిరణ్యకశిపుడు ‘పగలు కానిది’ అని అడగకుండా ‘రాత్రి’ అన్నాడు. ఆ రెండూ ఒకటేనని అతడు అనుకోవడంలోనే, రెండింటికీ చెందని సంధ్యవేళకు చోటు దొరికింది.

గడప సంగతి ఇంకా ఆసక్తికరమైనది. ఆకారాల అవిచ్ఛిన్నతను అధ్యయనం చేసే టోపాలజీ అనే గణితశాఖలో ఒక ప్రాంతాన్ని బట్టి బిందువులను మూడు రకాలుగా విభజిస్తారు. ఒక బిందువు చుట్టూ గీసిన చిన్న వృత్తం పూర్తిగా ప్రాంతంలోనే ఉంటే అది అంతర బిందువు, పూర్తిగా వెలుపలే ఉంటే బాహ్య బిందువు. వృత్తాన్ని ఎంత చిన్నదిగా గీసినా అందులోకి లోపలి భాగమూ బయటి భాగమూ రెండూ వచ్చి చేరుతూనే ఉంటే అది సరిహద్దు బిందువు. అతణ్ని చంపడానికి నరసింహుడు కూర్చున్న గడప సరిగ్గా ఈ మూడో రకానికి చెందుతుంది. పైగా విడివిడిగా ప్రతి జంటలోనూ సందు ఉంటే సరిపోదు. సంధ్యవేళ, గడప, ఒడి, సగం మనిషి సగం సింహం అయిన రూపం, ఇవన్నీ ఒకే క్షణంలో కలిసిరావాలి. షరతులు పెరిగేకొద్దీ ఆ ఉమ్మడి ఖాళీ కుంచించుకుపోయిందే తప్ప శూన్యం కాలేదు. రాక్షసులకు తపస్సులో ఉన్న శ్రద్ధ ముసాయిదా రాయడంలో ఉండదేమో.

హిరణ్యకశిపుడి వరంలో జాబితా చాలకపోతే, భస్మాసురుడి వరంలో జాబితా మరీ పెద్దదైంది. ఎవరి తలపై చేయి పెడితే వారు భస్మమవ్వాలి అన్నప్పుడు ఆ ‘ఎవరి’లో కోరినవాడు కూడా చేరిపోతాడు. జనశ్రుతిలో మోహిని నాట్యం చేస్తూ అతడి చేతిని అతడి తల మీదే పెట్టిస్తుంది. భాగవతంలో వృకాసురుడనే పేరుతో ఉన్న ఇదే కథలో విష్ణువు బ్రహ్మచారి వేషంలో వచ్చి, వరం నిజమో కాదో నీ తల మీదే పరీక్షించి చూసుకోమంటాడు. రెండింటిలోనూ తర్కం ఒకటే: అన్నిటికీ వర్తించే నియమం, దాన్ని ప్రయోగించేవాడికీ వర్తిస్తుంది. బెర్ట్రండ్ రసెల్ 1901లో సమితుల సిద్ధాంతంలో కనుగొన్న వైరుధ్యం ఈ కోవకే చెందుతుంది. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ కలిపి ఒక సమితిగా కడితే, అది తనలో తాను సభ్యురాలా కాదా అన్న ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా ఎదురు జవాబు వచ్చి పడుతుంది. దీనికి విరుగుడుగా ఆయన 1908 నాటికి ప్రతిపాదించిన రకాల సిద్ధాంతం, ఒక అంతస్తులోని నియమం తన అంతస్తు గురించి మాట్లాడకూడదని కట్టడి చేసింది. మూడు కోరికలు తీర్చే భూతాన్ని ఇంకొన్ని కోరికలు ఇమ్మని అడగరాదన్న నిషేధం, 1992 నాటి డిస్నీ ‘అలాద్దీన్’లో వినిపించేది, కోరికల గురించిన కోరికను ఆపే అంతస్తుల కట్టడియే.

మరికొన్ని లొసుగులు భౌతికశాస్త్రం దగ్గర బయటపడతాయి. ‘హ్యారీ పాటర్’ చివరి నవలలో (2007) గుడారంలో ఆకలితో అలమటిస్తున్న మిత్రులకు హెర్మయొనీ ఒక నియమం చెబుతుంది: శూన్యం నుంచి తిండిని పుట్టించలేరు గాని, ఉన్నదాన్ని రప్పించవచ్చు, మార్చవచ్చు, ఎక్కువ చేయవచ్చు. ఎక్కువైన ఆ భాగం ఎక్కడినుంచి వచ్చినట్టు? ఒక కిలో రొట్టెను రెండు కిలోలు చేయాలంటే, ద్రవ్యరాశిని శక్తితో ముడిపెట్టే ఐన్‌స్టీన్ సమీకరణం ప్రకారం దాదాపు 900 కోట్ల కోట్ల, అంటే 9 పక్కన 16 సున్నాలంత జూళ్ల శక్తి కావాలి. హిరోషిమాపై వేసిన బాంబు విడుదల చేసిన శక్తికి ఇది సుమారు 1,400 రెట్లు. భౌతికశాస్త్రాన్ని పక్కన పెట్టినా, ఒక్క ముక్క మిగుల్చుకుంటే చాలు ఆకలి తీరాల్సిన చోట వారు పస్తులుండడానికి కారణం కనిపించదు. ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ ఈ విషయంలో మెరుగు: అక్కడ ఒకచోట వాన కురిపిస్తే మరోచోట కరవు రావచ్చు, అందుకే ప్రాజ్ఞులైన మాంత్రికులు మంత్రం జోలికి తొందరపడి పోరు.

లొసుగు ఉండడమే కథకు దోషం కాదు. పాఠకుడు మాయాశక్తిని ఎంత బాగా అర్థం చేసుకుంటే, దానితో చిక్కులు విప్పే హక్కు రచయితకు అంతగా దక్కుతుందని బ్రాండన్ శాండర్సన్ 2007లో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ గీటురాయిగా పనికొస్తుంది. ‘మాక్‌బెత్’లో అడవి కదిలి వస్తుందన్న జోస్యం ఎలా నిజమవుతుందో, సైనికులు కొమ్మలు నరకడం వల్ల ప్రేక్షకుడికి ముందే తెలుస్తుంది, స్త్రీకి పుట్టినవాడెవడూ మాక్‌బెత్‌ను చంపలేడన్న జోస్యానికి విరుగుడుగా, మాక్‌డఫ్‌ను తల్లి గర్భం చీల్చి తీశారన్న సంగతి మాత్రం ఆఖరి ద్వంద్వయుద్ధంలో గాని బయటికి రాదు. మొదటిది న్యాయమైన లొసుగు, రెండోది షేక్‌స్పియర్ పేరు చూసి మన్నించే లొసుగు.

కాలయానం దగ్గర ఈ గీటురాయి మరింత కఠినంగా పనిచేస్తుంది. గతంలోకి వెళ్లినా, జరిగినదానికి పొసగే సంఘటనలే జరుగుతాయన్నది రష్యన్ భౌతిక శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ 1980లలో ప్రతిపాదించిన స్వీయసంగతి సూత్రం. 1999లో వచ్చిన ‘హ్యారీ పాటర్’ మూడో నవల దీన్ని తుచ తప్పకుండా పాటిస్తుంది: మరణశిక్ష పడిన బక్‌బీక్ అనే మాయాజంతువు విషయంలో పిల్లలు గొడ్డలి దెబ్బ చప్పుడు విన్నారే గాని అది చావడం చూడలేదు, కాలయాన పరికరంతో వెనక్కి వెళ్లి చూస్తే గొడ్డలి పడింది కంచె మీద. కళ్లతో చూడనిది అనుకున్నట్టు కాక వేరుగా జరిగి ఉండవచ్చన్న ఈ వెసులుబాటు ఎంత విశాలమైనదంటే, తర్వాతి నవలల్లో ఎవరూ చూడకుండా జరిగిన ప్రతి మరణం దగ్గరా పాఠకుడు అదే పరికరాన్ని అడుగుతాడు. జె. కె. రోలింగ్ 2003 నాటి ఐదో నవలలో మంత్రిత్వశాఖలోని ఆ పరికరాల అలమరను పగలగొట్టించి ఆ దారి మూసేశారు. 2016లో రంగస్థలానికి వచ్చిన ‘కర్స్‌డ్ చైల్డ్’ నాటకం కొత్త పరికరంతో దాన్ని మళ్లీ తెరిచింది. ఈసారి గతం నిజంగానే మారిపోతుంది, మూడో నవల కట్టుబడిన సూత్రం చెల్లకుండా పోతుంది.