డిగ్రీ లేదు... డ్రాయింగ్ వచ్చు!

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి వెళ్లిన పిల్లలు బుద్ధ విగ్రహాల దగ్గర ఆగుతారో లేదో కానీ, ఈజిప్టు మమ్మీ దగ్గర మాత్రం గుంపు కడతారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొనితెచ్చిన మమ్మీ అది. ఇంటికొచ్చాక కొందరు పిల్లలు ఓ ప్రశ్న వేస్తారు... 'ఇలాంటివి తవ్వి తీయాలంటే ఏం చదవాలి?' అమ్మానాన్నలు తెల్లమొహం వేయాల్సిందే. ఇంజినీరింగో మెడిసినో అయితే ఏ కాలేజీకి ఎంత ర్యాంకు కావాలో వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ఈజిప్టాలజీ గురించి ఎవరినడగాలి?

హొవార్డ్ కార్టర్ కథ వింటే కొంత తెలుస్తుంది. టుటన్‌ఖామన్ సమాధిని కనిపెట్టిన ఈయన యూనివర్సిటీ గడప తొక్కలేదు. బడి చదువూ అంతంతమాత్రమే. 1874లో లండన్‌లో పుట్టాడు. తండ్రి జంతువుల బొమ్మలు వేసే చిత్రకారుడు. ఆయన దగ్గరే కుంచె పట్టాడు. 1891లో, పదిహేడేళ్ల వయసులో, బెనీ హసన్ సమాధుల గోడల మీది చిత్రాల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీదికి దించే పనికి ఈజిప్టు వెళ్లాడు. మరుసటి ఏడాది అమర్నాలో ఫ్లిండర్స్ పెట్రీ దగ్గర తవ్వకం నేర్చుకున్నాడు. కుండపెంకుల తీరును బట్టి కాలాన్ని లెక్కగట్టడంలో పెట్రీ ఘనుడు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు హాట్‌షెప్సుట్ రాణి ఆలయంలో మళ్లీ బొమ్మలు దించడమే పని. పాతికేళ్లకే ఎగువ ఈజిప్టు పురావస్తు చీఫ్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. గవర్నమెంటు ఉద్యోగం... ఇంకేం కావాలి!

ఆ ఉద్యోగమే పోయింది. 1905 జనవరిలో సక్కారా దగ్గర కొందరు ఫ్రెంచి పర్యాటకులు తాగొచ్చి, ఈజిప్టు కాపలాదారులతో గొడవకు దిగారు. 'మిమ్మల్ని మీరు కాపాడుకోండి' అని కార్టర్ తన మనుషులకు అనుమతిచ్చాడు. విషయం దౌత్యాధికారుల దాకా వెళ్లింది. క్షమాపణ చెబితే సరిపోయేది. చెప్పలేదు. బదిలీ చేశారు. ఆ ఏడాదే రాజీనామా చేసేశాడు. తర్వాత కొంతకాలం నీటిరంగుల బొమ్మలు అమ్ముకుంటూ, టూరిస్టులకు దారి చూపిస్తూ పొట్టపోసుకున్నాడు. మొండితనమా, న్యాయమా అంటే... కొంచెం రెండూ!

పురావస్తు శాఖ అధిపతి మాస్పెరో సిఫార్సుతో లార్డ్ కార్నర్వన్ అనే ధనవంతుడు ఆయన్ని చేరదీశాడు. రాజుల లోయలో తవ్వుకునే హక్కు 1914లో చేతికొచ్చింది. అంతకుముందు అక్కడ తవ్విన థియోడర్ డేవిస్ 'ఇక్కడింకేం మిగల్లేద'ని వదిలేసిన చోటది. యుద్ధం వల్ల అసలు పని 1917 చివర్లో గానీ మొదలవలేదు. ఏళ్లు గడిచాయి. పెద్దగా ఏమీ దొరకలేదు. డబ్బు మాత్రం కరిగిపోతోంది. ఇక చాలించుకుందామన్నాడు కార్నర్వన్. ఒక్క సీజన్, నా ఖర్చుతోనైనా సరే అని కార్టర్ బతిమాలాడంటారు.

1922 నవంబరు 4న, ఆరో రామ్‌సెస్ సమాధి దిగువన పాత కూలీల గుడిసెల కింద ఒక మెట్టు బయటపడింది. మర్నాటికి సీళ్లు వేసిన తలుపు. ఎవరైనా ఏం చేస్తారు? బద్దలు కొట్టి చూస్తారు. కార్టర్ మెట్లన్నీ తిరిగి పూడ్పించి, ఇంగ్లండ్‌లోని యజమానికి టెలిగ్రాం ఇచ్చాడు. ఆయన వచ్చేదాకా రెండు వారాలకు పైగా ఎదురుచూశాడు. 26న లోపలి గోడకు చిన్న రంధ్రం చేసి, కొవ్వొత్తి వెలుగులో తొంగి చూశాడు.

సినిమా అయితే అక్కడ శుభం కార్డు పడుతుంది. కార్టర్‌కు మాత్రం మరో పదేళ్ల చాకిరీ అక్కడే మొదలైంది. లోపలున్నవి 5,398 వస్తువులు! రెండో సెటి సమాధి ప్రయోగశాల అయింది. ఇంకో సమాధి ఫోటోగ్రాఫర్ హ్యారీ బర్టన్‌కు డార్క్‌రూం. దారం పుచ్చిపోయిన పూసల చెప్పుల్ని ముట్టుకుంటే రాలిపోయేవి. వాటి మీద కరిగించిన పారఫిన్ మైనం పోసి, గట్టిపడ్డాక ఎత్తారు. రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ లూకస్ లేకపోతే ఎన్ని పొడైపోయేవో! మట్టి ఎత్తినవాళ్లు, మోసినవాళ్లు, మేస్త్రీలు ఈజిప్టువాళ్లే. అహ్మద్ గెరిగర్ లాంటి మేస్త్రీల పేర్లను కార్టర్ తన పుస్తకంలో చెప్పాడు కానీ, అప్పటి పత్రికలు పట్టించుకున్నది తక్కువ.

మనవాళ్లూ ఈజిప్టులో తవ్వారు. అస్వాన్ ఆనకట్టతో నుబియా ప్రాంతం మునిగిపోనున్నప్పుడు యునెస్కో పిలుపు మేరకు భారత పురావస్తు శాఖ బృందం 1961-62లో అక్కడికి వెళ్లింది. నాయకుడు బి.బి.లాల్. ఆయన చదివింది సంస్కృతం ఎం.ఏ.! అంతకు కాస్త ముందే నాగార్జునసాగర్ కింద మునగబోయే నాగార్జునకొండలో ఇదే శాఖ 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు చేసింది. నీళ్లొచ్చేలోపు పని ముగించడమంటే ఏమిటో దానికి బాగా తెలుసు.

కార్టర్‌లా డిగ్రీ లేకుండా నెట్టుకొచ్చే రోజులు పోయాయి. ఈజిప్టాలజీయే కావాలంటే ఆక్స్‌ఫర్డ్, లివర్‌పూల్, కైరో లాంటి విశ్వవిద్యాలయాల్లో కోర్సులున్నాయి. చిత్రలిపితోపాటు ప్రాచీన ఈజిప్టు భాష నేర్వాలి. పరిశోధనలు చదవడానికి ఫ్రెంచి, జర్మన్ కూడా కావాలి. ఖర్చు మాత్రం మధ్యతరగతికి భారమే. ఇక్కడే మొదలుపెట్టాలంటే పుణెలోని దక్కన్ కాలేజీలో పురావస్తు శాస్త్రం ఎం.ఏ. ఉంది. గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖవారి సంస్థ రెండేళ్ల పీజీ డిప్లొమా నడుపుతోంది. చరిత్ర, పురావస్తు, మానవశాస్త్రాలతోపాటు సంస్కృతం, పాళీ, ప్రాకృతం వంటి భాషల్లో పీజీ చేసినవాళ్లూ దానికి అర్హులే. ఉద్యోగాలు కొద్ది, పోటీ ఎక్కువ. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పడం మంచిది.

బంగారం కోసమైతే ఈ దారి పట్టకపోవడమే మేలు. 2025 ఫిబ్రవరిలో రెండో థుట్‌మోస్ సమాధిని గుర్తించినట్టు ఈజిప్టు ప్రకటించింది. లోపల నిధులేం లేవు. ఎప్పుడో వరద నీరు చేరింది. దొరికినవి పాలరాయి లాంటి అలబాస్టర్ పాత్రల ముక్కలు. వాటి మీద ఆ రాజు పేరు, రాణి హాట్‌షెప్సుట్ పేరు ఉన్నాయి. ఆ ముక్కలే సమాధి ఎవరిదో చెప్పాయి.

టుటన్‌ఖామన్ సంపదంతా 2025 నవంబరులో అధికారికంగా ప్రారంభమైన గీజాలోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉంది. అంతదూరం వెళ్లలేనివాళ్లకు ఇంకో మార్గముంది. ఒక్కో వస్తువుకూ కార్టర్ బృందం చేత్తో రాసిన కార్డులు, బొమ్మలు, బర్టన్ ఫోటోలు ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు.