హుక్ ఊడలేదు, బెల్ట్ తెగలేదు... అయినా మడమలు విరిగాయి: బీమ్ మీద యాంకర్ ఎక్కడ వేయాలి?

ఈసారి కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో లెక్క ఉంది. ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి మధ్యలో కాలిక్యులేటర్ తీయమంటాను.

మాది శ్రీకాకుళం వైపు. మా దగ్గర ఇంటర్ అయ్యీ అవ్వకముందే కుర్రాళ్ళు రిగ్గింగ్‌కో, వెల్డింగ్‌కో, ఫిట్టర్ హెల్పర్‌గానో బయటి రాష్ట్రాలకు, గల్ఫ్‌కు వెళ్ళిపోవడం మామూలే. నేనూ అలాగే వెళ్ళినవాణ్ణే. ఇప్పుడు సేఫ్టీ గురించి మాట్లాడుతున్నాను గానీ, అప్పట్లో సేఫ్టీ అంటే గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకోవడమే అనుకునేవాణ్ణి.

ఒక షెడ్డు పనిలో ఉన్నాం. స్టీల్ ఎరెక్షన్. నాతోపాటు మా ఊరివాడే ఒకడు, నాకంటే రెండేళ్ళు చిన్న. లోపల మొదటి అంతస్తు బీమ్ మీద బోల్టులు బిగిస్తున్నాడు. నేల నుంచి ఆ బీమ్ 4.2 మీటర్ల ఎత్తు. బెల్ట్ వేసుకున్నాడు. హుక్ కొట్టుకున్నాడు, అదే బీమ్‌కి, కాళ్ళ దగ్గర. స్పానర్ జారింది, దాంతోపాటు వాడూ జారాడు. హుక్ ఊడలేదు. బెల్ట్ తెగలేదు. షాక్ అబ్జార్బర్ కూడా తన పని తాను చేసింది. అయినా వాడి పాదాలు కింద కాంక్రీటుకి తగిలాయి. రెండు మడమలూ విరిగాయి. ఆసుపత్రిలో వాడు నన్ను అడిగిన మాట ఒకటే: "అన్నా, నేను హుక్ కొట్టాను కదా?"

కొట్టాడు. అది నిజం. మరి ఎక్కడ తేడా వచ్చింది?

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. లాన్యార్డ్ పొడవు 1.8 మీటర్లు. షాక్ అబ్జార్బర్ అంటే మడతపెట్టి కుట్టిన పట్టీ. పడినప్పుడు ఆ కుట్లు ఒక్కొక్కటే చిరుగుతూ దెబ్బను తగ్గిస్తాయి. అలా చిరిగేటప్పుడు అది 1.75 మీటర్ల దాకా సాగొచ్చు. బెల్ట్ డి-రింగ్ మన వీపు మీద ఉంటుంది, అక్కడి నుంచి పాదాలకు ఇంకో 1.5 మీటర్లు. పైన భద్రత కోసం 1 మీటరు. మొత్తం 6.05. అంటే మీరు హుక్ కొట్టిన చోటు నుంచి కింద మొదటి అడ్డం దాకా ఆరు మీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. మావాడికి ఉన్నది 4.2. లాన్యార్డ్ బిగుసుకునేసరికే పాదాలు 3.3 మీటర్లు దిగిపోయాయి. మిగిలింది 90 సెంటీమీటర్లు. అబ్జార్బర్ సగం చిరిగింది, మిగతా పని నేల చేసింది.

ఇక్కడ మన బుర్రకు ఎక్కని విషయం ఒకటి ఉంది. 20 మీటర్ల మీద భయపడతాం, 4 మీటర్ల మీద ధైర్యంగా నడుస్తాం. లాన్యార్డ్ దగ్గరికొచ్చేసరికి అది తిరగబడుతుంది. 20 మీటర్ల మీద కాళ్ళ దగ్గర హుక్ కొట్టినా కింద ఖాళీ సరిపోతుంది, 4 మీటర్ల మీద సరిపోదు. "ఇదేముందిలే, మొదటి అంతస్తే కదా" అనే మేస్త్రీ మాట విన్నప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

కింద అంటే నేల ఒక్కటే కాదు. పేర్చిన పైపులు, నిలబెట్టిన రాడ్లు, కింది బీమ్, పార్క్ చేసిన క్రేన్... మొదట తగిలేది ఏదైతే అక్కడిదాకానే కొలవాలి.

మరి తక్కువ ఎత్తులో ఏం చేయాలి? యాంకర్ తల పైకి వెళ్ళాలి. అదే 4.2 మీటర్ల బీమ్ మీద నిలబడి, పైన 2 మీటర్ల ఎత్తులో యాంకర్ ఉందనుకోండి, నేల నుంచి అది 6.2 మీటర్లు. లెక్క సరిపోయింది. పైగా పడే దూరం తగ్గుతుంది కాబట్టి అబ్జార్బర్ కూడా అంతగా సాగదు. పైన ఏమీ లేకపోతే ఆ పని బీమ్ మీద నిలబడి చేసేది కాదు, స్కాఫోల్డింగ్ మీదో మ్యాన్‌లిఫ్ట్‌లోనో చేసేది. అడగడానికి మొహమాటపడకండి.

సరే, పైన బీమ్ ఉంది. దానికి ఎలా కట్టాలి? ఐ బీమ్‌లో నడుమ నిలువు ప్లేటు వెబ్, పైనా కిందా అడ్డంగా ఉండేవి ఫ్లాంజ్‌లు. మనవాళ్ళు చేసేది ఏమిటంటే లాన్యార్డ్‌ను బీమ్ చుట్టూ తిప్పి, హుక్ తెచ్చి అదే లాన్యార్డ్‌కి తగిలించేయడం. నేనూ చాలాసార్లు చేశాను, ఒప్పుకుంటాను. దీంట్లో రెండు గొడవలు. ఫ్లాంజ్ అంచు మీద మీ బరువంతా పడి పట్టీ అటూ ఇటూ రాసుకుంటే అది తెగొచ్చు. ఇంకోటి, హుక్ గేటు మీద పక్కనుంచి లోడ్ పడుతుంది. అలా చుట్టడానికే తయారుచేసిన లాన్యార్డులు వేరే ఉంటాయి. మామూలు వాటితో చేయకూడదు.

దీనికోసం ఉన్నవి యాంకర్ స్ట్రాప్, బీమ్ స్లైడర్. స్ట్రాప్‌కి ఒక పెద్ద రింగు, ఒక చిన్న రింగు ఉంటాయి. బీమ్ చుట్టూ తిప్పి చిన్న రింగును పెద్ద రింగులోంచి లాగాలి, మీ హుక్ చిన్న రింగుకే. మందంగా ఉండే ప్యాడ్ వైపు స్టీల్‌కి తగలాలి. తిరగేసి వేస్తే ఆ ప్యాడ్ ఉన్నా లేనట్టే. నిలువు కాలమ్‌కి కడితే కింద ఏదో ఒక బ్రాకెట్ ఉండాలి, లేకపోతే మీతోపాటు స్ట్రాప్ కూడా జారి వస్తుంది.

స్లైడర్ నాకు ఇష్టమైన వస్తువు. ఫ్లాంజ్‌ను రెండు దవడలు చెరోవైపు పట్టుకుంటాయి, మీరు నడుస్తుంటే అది వెంట జరుగుతుంది. దానివల్ల ఇంకో లాభం ఉంది. యాంకర్ ఒకచోట ఉండి మీరు పక్కకు నాలుగు మీటర్లు వెళ్ళి పడితే ఉయ్యాలలా ఊగి కాలమ్‌కి గుద్దుకుంటారు. స్లైడర్ మీ దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ ఊపు తక్కువ.

కానీ కొన్ని చూసుకోవాలి. మార్కెట్లో ఎక్కువగా దొరికే స్లైడర్లు సుమారు 90 నుంచి 350 మిల్లీమీటర్ల వెడల్పు ఫ్లాంజ్‌కి సరిపోతాయి. మందానికీ హద్దు ఉంటుంది. మీ చేతిలోనిదానికి ఎంతో దాని మీదే రాసి ఉంటుంది. టేపుతో కొలవండి, కంటితో కాదు. రెండు దవడలూ సమానంగా కూర్చోవాలి, లాక్ పడిందో లేదో లాగి చూడాలి. వాలుగా ఉన్న రాఫ్టర్ మీద మామూలు స్లైడర్ వద్దు, జారిపోతుంది. బీమ్ చివర ఖాళీగా వేలాడుతుంటే అక్కడ ఆపే స్టాపర్ ఉండాలి, లేదంటే స్లైడర్ నేరుగా బయటికి వెళ్ళిపోతుంది. అసలు రెండు చివర్లా బోల్టులు బిగించని బీమ్‌ని యాంకర్‌గా నమ్మకండి.

పర్లిన్, కేబుల్ ట్రే, ఫైర్ పైపు, హ్యాండ్‌రైల్... ఇవేవీ యాంకర్లు కావు. యాంకర్ ఎంత మోయాలో అమెరికా ఓషా నిబంధన చెప్తుంది: ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2.3 టన్నులు. 80 కేజీల మనిషికి ఇంతెందుకు అంటారా? 4 మీటర్లు పడేసరికి మీ వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని క్షణంలో ఆపాలి. పల్చటి రేకు పర్లిన్ ఆపలేదు.

ఎక్కే ముందు ఫోన్ టార్చ్ వేసి కుట్లు చూడండి. వెల్డింగ్ నిప్పురవ్వ పడిన నల్ల చుక్క కనిపించినా, అబ్జార్బర్ కవర్ చిరిగినా పక్కన పెట్టేయండి. ఒకసారి మనిషి పడిన బెల్ట్, లాన్యార్డ్, యాంకర్ మళ్ళీ వాడొద్దు. డబుల్ లాన్యార్డ్ ఉంటే ఖాళీ హుక్‌ని నడుం పక్క రింగుకి తగిలించొద్దు, అబ్జార్బర్ సాగకుండా అది అడ్డుపడుతుంది. దానికి బెల్ట్ మీద ఖాళీ హుక్ పెట్టుకునే చోటు వేరే ఉంటుంది.

ఇంకొక్కటి, దీన్నెవరూ అడగరు. పడ్డారు, ఆగారు, వేలాడుతున్నారు. దింపేదెవరు? బెల్ట్‌లో కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది. అరగంట లోపే ప్రాణం మీదికి రావొచ్చని ఓషా హెచ్చరించింది. అంటే ఫైర్ ఇంజన్ వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదు. నిచ్చెన ఎక్కడుంది, మ్యాన్‌లిఫ్ట్ తాళం ఎవరి దగ్గరుంది అని పొద్దున్న టూల్ బాక్స్ టాక్‌లోనే అడిగేయండి. ఒంటరిగా బీమ్ ఎక్కొద్దు. వేలాడుతున్నవాడు కాళ్ళు ఆడిస్తూ ఉండాలి, బెల్ట్‌కి కాలు పెట్టుకునే పట్టీ ఉంటే దాని మీద నిలబడాలి.

మావాడు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు, కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నడుస్తాడు, కానీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. ఈ ఎపిసోడ్ చేస్తున్నానని చెప్తే, "4.2 అని కచ్చితంగా చెప్పన్నా" అన్నాడు. తర్వాత టేపుతో కొలిచింది నేనే.